మాట కోసం 140 కిలోమీటర్లా?

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

వరంగల్ కొత్తవాడ పేరు వింటే ప్రభుత్వంలో ఎవరికైనా జంపఖానాలే గుర్తొస్తాయి. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఈ లేఖ మాత్రం ఆ మగ్గాల ఇళ్లలో పెరిగే పిల్లల గురించి, అందులోనూ చెప్పిందల్లా అర్థం చేసుకుంటూ నోరు తెరిస్తే మాట తిరగని పిల్లల గురించి. వాళ్లకు కావాల్సింది వారానికి మూడు నాలుగుసార్లు, ఇంటికి దగ్గర్లో, శిక్షణ పొందిన మనిషి చేయించే స్పీచ్ థెరపీ. ఎంత గొప్ప సంస్థలో దొరికినా, నెలకోసారి తప్ప అందుకోలేనంత దూరంలో ఉన్న థెరపీ ఈ సమస్యకు థెరపీ కిందికి రాదు. ఆ మాట ఎందుకంటున్నానో వివరిస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ఈ ఇబ్బందిని చైల్డ్‌హుడ్ అప్రాక్సియా ఆఫ్ స్పీచ్ అంటారు. అమెరికాలోని స్పీచ్, హియరింగ్ నిపుణుల సంఘం 2007లో ఈ పేరునే ఖాయం చేసి, గుర్తుపట్టే లక్షణాలు చెప్పింది. పిల్లవాడి నాలుకకూ పెదవులకూ పక్షవాతం ఉండదు. సాధారణంగా చెవి బాగానే వినపడుతుంది, చెప్పింది అర్థమవుతుంది. ఒక ధ్వని నుంచి ఇంకో ధ్వనికి నాలుక ఎలా కదలాలో మెదడు ముందుగా వేసుకునే లెక్క దగ్గరే తడబాటు. పక్కన కూర్చుని ఒక్క మాట అనిపించి చూస్తే సంగతి తెలుస్తుంది. ‘పలక’ అనమంటే మొదటిసారి ‘పకల’ అంటాడు, రెండోసారి ‘పయ్య’ అంటాడు, మూడోసారి పెదవులు కూడదీసుకుని ‘ప... ల...’ దగ్గరే ఆగిపోతాడు. ముద్దుమాటల పిల్లవాడు ‘ర’కు బదులు ‘ల’ పలికితే ఎప్పుడూ ‘ల’నే పలుకుతాడు. ఇక్కడ తప్పుకు కూడా నిలకడ ఉండదు. అచ్చులు సైతం చెడతాయి, ‘పాలు’ ఒకసారి ‘పలు’, ఇంకోసారి ‘పల్లు’ అవుతుంది. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం పడుతుంది. ‘ప-త-క, ప-త-క’ అని గబగబా అనమని థెరపిస్టులు పరీక్ష పెడతారు. ‘ప-ప-ప’ అని తేలిగ్గా అన్న పిల్లవాడు ఆ మూడూ కలిసేసరికి చిక్కుపడిపోతాడు. మన భాష ఈ పిల్లల మీద పెట్టే బరువు కూడా తక్కువేం కాదు. హ్రస్వం దీర్ఘమైతే అర్థమే మారిపోతుంది, ద్విత్వం జారితే మాట జారిపోతుంది. మూడేళ్ల పిల్లవాడు ఆటలో మామూలుగా అనాల్సిన ‘కిందపడిపోయింది’, ‘తీసుకొచ్చిండు’ లాంటివి ఒక్క ఊపులో ఇన్నేసి అక్షరాలు దాటాల్సిన మాటలు.

వెయ్యిమంది పిల్లల్లో ఒకరిద్దరికి ఇది ఉంటుందన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న అంచనా. లండన్‌లో ఒకే కుటుంబంలో మూడు తరాలుగా కనిపించిన ఈ ఇబ్బంది వెనక ఫాక్స్‌పీ2 అనే జన్యువులో మార్పు ఉందని 2001లో తేలింది. చాలామంది పిల్లల్లో కారణం ఇదీ అని దొరకదు. తల్లిని తప్పుపట్టడానికి మాత్రం ఆధారమేదీ లేదు. ఈ ముక్క ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే, మన దగ్గర పిల్లవాడికి మాట రాలేదనగానే మొదట బోనెక్కేది తల్లే. ఫోన్ చూపించావు, పలకరించలేదు, పుట్టినప్పుడు వస పోయలేదు అని ఇంటింటా ఒక తీర్పు ఉంటుంది. వస పసిపిల్లల నోట్లో పోయొద్దని పిల్లల డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, దాంతో మాటలు రావడం కూడా లేదు. నాలుక కింది పొర కోయిస్తే సరి అనేవాళ్లు ఇంకొందరు. ఆ పొర బిగుసుకుంటే కొన్ని ధ్వనులకు అడ్డం కావచ్చునేమో గానీ ‘పలక’ను మూడుసార్లు మూడు రకాలుగా అనిపించదు. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు వినపడ్డం వల్లే ఇలా అయిందని, ఇక మీదట ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని సలహా ఇచ్చే బడులూ ఉన్నాయి. రెండు భాషలు వినడం వల్ల అప్రాక్సియా రాదు. అమ్మకు సరిగా రాని భాషలో అమ్మ మాట్లాడ్డం వల్ల పిల్లవాడికి అందే కాస్త మాట కూడా తగ్గుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా వినపడే మాట, ‘మగపిల్లలకు ఆలస్యంగనే వస్తయి, వాళ్ల మేనమామకు అయిదేండ్లకు వచ్చినయి’ అన్నది. దీన్ని కొట్టిపారేయలేం. రెండేళ్లకు మాట్లాడని పిల్లల్లో చాలామంది నిజంగానే తర్వాత అందుకుంటారు, ఏ వైద్యమూ లేకుండానే. కొందరు డాక్టర్లు వేచి చూడమనడం కూడా అందుకే. కానీ ఆ పిల్లల దారి వేరు, అప్రాక్సియా దారి వేరు. ఇది వయసుతోపాటు దానంతటదే సర్దుకునేది కాదని నిపుణులంతా ఒక్కమాట మీదున్నారు. మూడేళ్లలోపు ఇదే అప్రాక్సియా అని గట్టిగా చెప్పడం కష్టం, నిజమే. పేరు ఖాయమయ్యేదాకా సాయం మొదలుపెట్టకూడదన్న నియమం మాత్రం ఎక్కడా లేదు. పసివయసులో ఊఁకొట్టడం, ‘బబ్బబ్బ’, ‘తత్తత్త’ అనడం బాగా తక్కువగా ఉండి, చెప్పిన పని చేస్తూ, చేత్తో చూపిస్తూ, మాట మాత్రం రెండు మూడు ధ్వనులకు మించి పోని పిల్లవాణ్ని అయిదేళ్లదాకా కూర్చోబెట్టామంటే వాడు బడిలో చేరేనాటికి తోటివాళ్లు వెక్కిరించడం, టీచరు ‘వీడికి రాదు’ అని పక్కన పెట్టడం, వాడే నోరు మూసుకోవడం అన్నీ వరసగా జరిగిపోతాయి. పలకడంలో ఇలాంటి ఇబ్బంది ఉన్న పిల్లలకు తర్వాత చదవడం, రాయడం కూడా కష్టమవుతుందని పరిశోధనలు చూపించాయి. ఆలస్యం ఖరీదు మాటతోనే ఆగదు.

ఇప్పుడు అసలు సంగతి, ఎంత థెరపీ, ఎన్నిసార్లు అన్నది. కెనడాలో 37 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. అందరికీ పదివారాలపాటు ఒకే రకం థెరపీ ఇచ్చారు, కొందరికి వారానికి ఒకసారి, కొందరికి రెండుసార్లు. ఉచ్చారణలోనూ, రోజువారీగా ఎదుటివాళ్లతో నెగ్గుకురావడంలోనూ వారానికి రెండుసార్లు వచ్చిన పిల్లలే స్పష్టంగా ముందుకెళ్లారు. అదే ఏడు సిడ్నీ నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది. 26 మంది పిల్లలను చీటీ పద్ధతిలో రెండు జట్లు చేసి, రెండు వేర్వేరు పద్ధతుల్లో, వారానికి నాలుగు రోజులు, మూడువారాలు థెరపీ ఇచ్చారు. రెండు జట్లూ మెరుగయ్యాయి, సాధన చేయని మాటల్లో కూడా ఆ మెరుగు కనిపించింది. పద్ధతి ఏదన్న దానికన్నా చిక్కగా, దగ్గరదగ్గరగా ఇవ్వడమే ముఖ్యమేమో అనిపించే ఫలితం అది. థెరపీ లోపల కూడా లెక్క ఇదే. ఒక్కో విడతలో పిల్లవాడు ఆ మాటను పదిసార్లు అన్నాడా, వందసార్లు అన్నాడా అన్నది తేడా తెస్తుంది. సైకిల్ నేర్చుకునేవాడు నెలకోసారి ఎక్కితే ఎక్కిన ప్రతిసారీ మొదటిసారే అయినట్టు, నోటి కదలిక కూడా వెంటవెంటనే మళ్లీ మళ్లీ చేస్తేనే కుదురుతుంది.

ఆధారాలు బలహీనమని మీ శాఖలో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అందులో నిజముంది. వైద్య ఆధారాలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2018లో ఈ విషయం మీద సమీక్ష చేస్తే, వాళ్ల కొలతకు నిలిచింది ఆ సిడ్నీ అధ్యయనం ఒక్కటే. కానీ ఆ సమీక్ష థెరపీ పనిచేయదని అనలేదు, ఇంకా మంచి అధ్యయనాలు కావాలంది. అరుదైన ఇబ్బందుల మీద వేలమందితో ప్రయోగాలు ఏ దేశంలోనూ జరగవు. ఉన్న ఆధారమంతా ఒకే దిక్కు చూపిస్తోంది, నెలకోసారి ఇస్తే చాలునని చెప్పే ఆధారం మాత్రం ఒక్కటీ లేదు. ఆధారాలు తక్కువని థెరపీ ఇవ్వకపోవడం, ఆధారమే లేని నెలకోసారి పద్ధతిని కొనసాగించడం, ఈ రెండింటినీ ఒకే నోటితో సమర్థించలేం.

వారానికి రెండుసార్లన్న కనీస లెక్కనే తీసుకుని కొత్తవాడ నుంచి చూద్దాం. మాట, వినికిడి ఇబ్బందుల కోసమే ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. పిల్లల మానసిక ఎదుగుదల ఇబ్బందులు చూసే జాతీయ సంస్థ కూడా అక్కడే. ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి కోఠిలో ఉంది. అన్నీ మంచి సంస్థలే, అన్నీ ఇక్కడికి దాదాపు 140 కిలోమీటర్ల అవతలే. అరగంట థెరపీకి ఒక రోజు పోతుంది. నేతపనిలో నెల జీతం లేదు, నేసినదానికే కూలి. నేసేది ఒకరైనా కండెలు చుట్టేది, పడుగు సరిచేసేది ఇంట్లో ఇంకొకరు, సాధారణంగా ఆ పిల్లవాడి తల్లే. ఆమె వారంలో రెండు రోజులు రైలెక్కితే ఆగేది ఆమె పని ఒక్కటే కాదు, భర్త మగ్గం కూడా. మూడో వారానికో నాలుగో వారానికో ప్రయాణం మానేస్తారు. అప్పుడు ఆసుపత్రి రికార్డులో ‘మళ్లీ రాలేదు’ అని రాసుకుంటారు. నా దృష్టిలో అది కుటుంబం నిర్లక్ష్యం కాదు, వాళ్లు వేసుకున్న లెక్క. ప్రైవేటులో చేయించుకోరాదా అనేవాళ్లు కూడా, ఒక్కోసారికి అయ్యే ఫీజును వారానికి మూడుతో, దాన్ని రెండు మూడేళ్లతో గుణించి చూసుకుంటే చాలు.

ఇంట్లో చేయించమని తల్లికి నేర్పితే సరిపోదా అన్న ప్రశ్న వస్తుంది, న్యాయమైన ప్రశ్నే. ఇంటి సాధన లేకుండా ఏ థెరపీ నిలవదు. కానీ అది తోడు మాత్రమే. పిల్లవాడు ‘పలక’ తప్పు పలికిన క్షణంలోనే వేగం తగ్గించాలా, పెదవుల మీద వేలు పెట్టి చూపాలా, తనతోపాటు కలిసి అనిపించాలా, ఊరుకోవాలా అన్నది థెరపిస్టు చెవి తేల్చుకుంటుంది. ఆ చెవి నాలుగేళ్ల డిగ్రీతో, ఎందరో పిల్లల మధ్య కూర్చుంటే వచ్చేది. థెరపీలో సగం తల్లిదండ్రులకు అప్పగించి చూసిన ఒక అధ్యయనంలో ఫలితాలు థెరపిస్టు ఒక్కరే చేయించినంత నిలకడగా రాలేదు. తల్లి చేతిలో కాగితం పెట్టి ‘రోజూ చేయించండి’ అని పంపేయడం ప్రభుత్వం తన పనిని కండెలు చుట్టే ఆవిడ మీద వేయడమే.

ఇంతకీ ప్రభుత్వం దగ్గర పథకం లేదా అంటే, ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లోనే మొదలైంది. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు ఉన్న సంచార బృందం అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడిపిల్లలను ఒకసారి చూడాలి. వాళ్లు చూడాల్సిన ఇబ్బందుల జాబితాలో మాట ఆలస్యం కూడా ఉంది. అనుమానం వస్తే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అదే డీఈఐసీకి, పంపాలి. ఆ కేంద్రంలో పిల్లల డాక్టరు, సైకాలజిస్టు, ఫిజియోథెరపిస్టుతోపాటు వినికిడి, మాట రెండూ చూసే నిపుణులు ఉండాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ పిల్లలందరినీ కనీసం ఏడాదికోసారి పరీక్షించే చర్యలు తీసుకోవాలంటోంది. కాగితం మీద నిచ్చెన బాగానే నిలబడి ఉంది. తిరకాసు ఎక్కడంటే, మన లెక్కలన్నీ ఎంతమందిని పరీక్షించాం, ఎంతమందిని రిఫర్ చేశాం అన్న దగ్గర ఆగిపోతాయి. ఆ పిల్లవాడికి తర్వాత ఎన్నిసార్లు థెరపీ అందింది, వారానికి ఎన్ని, ఎన్ని నెలలు, మధ్యలో మానేస్తే ఎందుకు మానేశాడు అన్న గడి ఉన్న పట్టిక కావాలి. అప్రాక్సియా విషయంలో గుర్తించడం పనిలో పదో వంతు.

సర్టిఫికెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో మాట, భాష వైకల్యం ఉంది. కానీ దాన్ని స్వరపేటిక తీసేయడం, అఫేసియా (మెదడు దెబ్బతిని భాష పోవడం) లాంటి వాటివల్ల వచ్చే ‘శాశ్వత’ వైకల్యంగా నిర్వచించింది. నాలుగేళ్ల పిల్లవాడికి, అదీ సరైన థెరపీ ఇస్తే బాగుపడే అవకాశమున్న పిల్లవాడికి, శాశ్వతమన్న ముద్ర ఎవరు వేస్తారు? వేయకూడదు కూడా. నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తుంది, థెరపీ ఖర్చుకూ పనికొస్తుంది. అయితే అది నేషనల్ ట్రస్ట్ చట్టంలోని ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకే. అప్రాక్సియా ఒక్కటే ఉన్న పిల్లవాడు ఆ చట్టానికీ ఈ చట్టానికీ మధ్య సందులో పడిపోతాడు. వైకల్య నిర్ధారణ క్యాంపులో శాతం రాయించుకుని పింఛను తెచ్చుకోమని సలహా ఇవ్వడం తేలిక. ఆ కుటుంబం అడిగేది పింఛను కాదు, ఆ అవసరం రాకుండా పిల్లవాడు మాట్లాడ్డం. కాబట్టి డీఈఐసీలో థెరపీకి శాతాన్నీ సర్టిఫికెట్‌నూ ఎవరూ అడ్డం పెట్టకూడదని రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి.

ఈ దారిలో ప్రభుత్వానికి అనుభవం లేదనలేం. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, చెవుడున్న పసిపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌తోపాటు ఆ తర్వాత నెలలతరబడి ఇవ్వాల్సిన వాక్ శ్రవణ థెరపీకి కూడా డబ్బు కట్టింది. పరికరం పెట్టి వదిలేస్తే మాట రాదని, మాట వచ్చేది రోజువారీ సాధనతోనని అప్పుడే ఒప్పుకున్నారు. 2023 డిసెంబరులో ఆ పథకం పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆపరేషన్ ఉన్నచోట థెరపీకి డబ్బు దొరికి, ఆపరేషన్ అక్కర్లేని పిల్లవాడికి అదే థెరపీ దొరక్కపోవడంలో ఏ వైద్య న్యాయమూ కనపడదు. కోతా కుట్టూ లేనిది వైద్యం కాదని మన పథకాలు ఇంకా నమ్ముతున్నట్టుంది.

ఇంత అరుదైన ఇబ్బందికి జిల్లాకొక మనిషిని పెట్టాలా అని ఆర్థిక శాఖ అడుగుతుంది. అడగనివ్వండి. ఆ మనిషి అప్రాక్సియా పిల్లలకోసమే కూర్చోరు. నత్తి ఉన్నవాళ్లు, గ్రహణం మొర్రి ఆపరేషన్ అయినవాళ్లు, ఆటిజం పిల్లలు, వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్లలు, పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దవాళ్లు, అందరికీ కావాల్సింది ఆ థెరపిస్టే. ఎంజీఎం లాంటి బోధనాసుపత్రి ఉన్న ఊళ్లో ఈ పని లేక ఖాళీగా కూర్చునే రోజు రాదు. నిపుణులు దొరకడం లేదన్నది దీనికన్నా గట్టి అభ్యంతరం. దొరకడం లేదు, ఎందుకంటే పోస్టులు తక్కువ, ఉన్నవి కాంట్రాక్టువి. చదువుకున్నవాళ్లు హైదరాబాద్‌లోనో విదేశాల్లోనో స్థిరపడుతున్నారు. కాకతీయ మెడికల్ కాలేజీ 1959 నుంచి ఈ ఊళ్లో డాక్టర్లను తయారుచేస్తోంది. అదే ఆవరణలో మాట, వినికిడి డిగ్రీ కోర్సు పెడితే నాలుగేళ్లలో మొదటి జట్టు బయటికొస్తుంది, ఈలోగా విద్యార్థుల శిక్షణ పేరుతోనే పిల్లలకు థెరపీ గంటలు పెరుగుతాయి. అంతదాకా వీడియో థెరపీ ఉంది. సిడ్నీ అధ్యయనంలోని ఒక పద్ధతినే వీడియోలో ఇచ్చిన చిన్న అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది, పిల్లలు అయిదుగురే అయినా ఫలితం బాగుంది. అయితే తల్లి చేతిలోని పగిలిన ఫోన్‌లో, మగ్గం చప్పుడు మధ్య అది కుదరదు. కొత్తవాడలో అంగన్‌వాడీ పక్కనో పట్టణ ఆరోగ్య కేంద్రంలోనో చప్పుడు లేని ఒక గది, పెద్ద తెర, మంచి మైకు, అద్దం, పిల్లవాడి పక్కన కూర్చునే ఒక సహాయకురాలు, అటువైపు సికింద్రాబాద్ నుంచో మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ నుంచో థెరపిస్టు. పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తులు, 2000 పడకల ఆసుపత్రి తలపెట్టిన ప్రభుత్వానికి ఈ గది బరువు కాదు.

ఇంకో చిన్న పని ఉంది, డబ్బు పెద్దగా పట్టనిది. ఈ థెరపీకి మాటలను తేలిక నుంచి కష్టానికి మెట్లుగా పేర్చుకోవాలి. ఇంగ్లీషులో అలాంటి పట్టికలు ఎన్నో ఉన్నాయి. వాటిని అనువదిస్తే లాభం లేదు, ‘క్యాట్’ ఒక్క అక్షరం, ‘పిల్లి’ ద్విత్వమున్న రెండక్షరాలు. ‘అమ్మ, ఆవు, పాప’ నుంచి ‘బువ్వ తింట’ మీదుగా ‘కిందపడిపోయింది’ దాకా, అందులోనూ ఈ ప్రాంతపు ఇళ్లలో వినపడే ‘వస్తున్న’, ‘పోయిండు’ రూపాలతో పట్టిక తయారుచేయాలి. కాకతీయ విశ్వవిద్యాలయం తెలుగు శాఖ, వరంగల్‌లోనే ఉన్న తెలుగు విశ్వవిద్యాలయం పీఠం, ఉస్మానియా భాషాశాస్త్ర శాఖ థెరపిస్టులతో కూర్చుంటే ఒక వేసవి సెలవుల పని. విద్యాశాఖతో మాట్లాడి అప్పగించండి.

మంత్రి గారూ, వరంగల్, హనుమకొండ జిల్లాల డీఈఐసీల్లో మాట, వినికిడి నిపుణుల పోస్టులు ఎన్ని, నిండినవి ఎన్ని, గడిచిన ఏడాదిలో ఒక్కో పిల్లవాడికి సగటున ఎన్నిసార్లు థెరపీ అందిందో ఈ మూడు అంకెలూ జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టించండి. ఖాళీలుంటే నింపండి. వైకల్య సర్టిఫికెట్ లేకుండా థెరపీ మొదలుపెట్టమని ఉత్తర్వు ఇవ్వండి. కొత్తవాడలో ఒక గది తెరిచి, వారానికి నాలుగు పూటలు, మగ్గం పని మొదలయ్యేలోపు ముగిసేలా ఉదయంపూట నడిపించండి. వచ్చే జూన్‌లో బడులు తెరిచేసరికి ఆ గది తలుపు తెరిచి ఉండాలని కోరుతున్నాను.

ఇట్లు,
కొత్తవాడ పక్షాన ఒక వరంగల్ పౌరుడు